సైకిల్ తొక్కేవాళ్ల మోకాళ్లకు రోయింగ్ మెషీన్: మేలెంత, తేడా ఎక్కడ కొడుతుంది?

#1 · రుషికొండ_రైడర్

వానలు పట్టాయంటే మన విశాఖ బీచ్ రోడ్డు రైడ్లు సగానికి పడిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల్లో మన గ్రూపువాళ్లు చాలామంది జిమ్‌లో రోయింగ్ మెషీన్ ఎక్కుతున్నారు. పాదం నేలకు కొట్టుకోదు కాబట్టి మోకాలికి ఏ ఢోకా లేదని ఒక మాట. మోకాలిని ఛాతీదాకా మడిచి తన్నడమంటే చిప్పను చేతులారా అరగదీసుకోవడమేనని ఇంకో మాట.

వారానికి 150–200 కిలోమీటర్లు తొక్కే మోకాలి గురించి ప్రత్యేకంగా చెప్పండి. మామూలుగా జిమ్‌కి వచ్చేవాళ్లకు చెప్పే సలహా ఇక్కడ సరిపోదు. ఎంత మడవాలి, డ్యాంపర్ (మెషీన్‌లోకి పోయే గాలిని మార్చే మీట) ఎంతలో ఉండాలి, రైడ్‌కీ రోయింగ్‌కీ ఎంత ఎడం ఉండాలి, అంకెలతో చెబితే అందరికీ పనికొస్తుంది.

#2 · ఎర్గ్_కోచ్

ముందు రెండు కదలికల తేడా చూడండి. సీటు ఎత్తు సరిగ్గా ఉన్న సైకిల్ మీద, పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు సుమారు 110 డిగ్రీలు మడుస్తుంది. పెడల్ కిందికెళ్లినా 25–35 డిగ్రీల వంపు మిగిలే ఉంటుంది. అంటే భీమిలి వెళ్లి వచ్చినా కాలు ఒక్కసారి కూడా పూర్తిగా చాపుకోదు. రోయింగ్‌లో క్యాచ్ దగ్గర, అంటే సీటు ముందుకొచ్చి ఆగే చోట, మడత 120 దాకా పోతుంది, ఒక్కోసారి దాటుతుంది. డ్రైవ్, అంటే కాళ్లతో వెనక్కి తోసే భాగం, చివర కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. సైక్లిస్టు మోకాలికి మధ్య భాగంలో బలం దండిగా ఉంటుంది కానీ ఈ రెండు కొసలూ కొత్త. ఇబ్బందులు ఎక్కువగా మొదలయ్యేది ఆ కొసల దగ్గరే.

85 క్యాడెన్స్‌తో, అంటే నిమిషానికి 85 పెడల్ తిప్పుళ్లతో, గంట తొక్కితే ఒక్కో కాలికి 5,100 తిప్పుళ్లు. నిమిషానికి 20 స్ట్రోకులతో అరగంట రోయింగ్‌కి 600 మడతలే. సైకిల్ మీద మోకాలి నొప్పి మామూలుగా ఒక చిన్న లోపం వేలసార్లు తిరగబడటం వల్ల వస్తుంది. రోయింగ్‌లో సంఖ్య తక్కువ, ఒక్కో తోపు బరువు ఎక్కువ. కాబట్టి ఎన్ని నిమిషాలు చేశామన్నదాని కంటే ఎంత మడిచాం, ఎంత గట్టిగా తన్నామన్నదే ఇక్కడ ముఖ్యం.

ఎంత మడవాలంటే, పక్కనుంచి చూస్తే మోకాలి కింది ఎముక నేలకు నిలువుగా ఉన్నంతవరకే. దాన్ని దాటి మోకాలు పాదం ముందుకు పోయిందంటే ఎక్కువైనట్టే. ఫోన్‌ను సీటు ఎత్తులో, సరిగ్గా పక్కన పెట్టి ఇరవై స్ట్రోకులు వీడియో తీయండి. మడమ రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే పరవాలేదు. అరచెయ్యి దూరేంత లేచినా, సీటు వచ్చి మడమకు తగిలినా అక్కడిదాకా రాకూడదు. సీటు నడిచే పట్టా పక్క అంచు మీద, చక్రాలకు అడ్డం రాకుండా, రంగు టేపు ముక్క అంటించి అక్కడే ఆగడం నేర్చుకోండి. మోకాలి నొప్పి చరిత్ర ఉన్నవాళ్లు ఆ టేపును ఇంకో అరజానెడు వెనక్కి పెట్టుకోవాలి. స్ట్రోకు కాస్త పొట్టిదవుతుంది, దానివల్ల నష్టం లేదు.

#3 · ఫిజియో_ఎంవీపీ

కోచ్ గారు చెప్పినదానికి కారణం కలుపుతాను. మోకాలు మడిచేకొద్దీ చిప్ప తొడ ఎముకలోని గాడిలోకి దిగి గట్టిగా నొక్కుకుంటుంది. అదే మడతలో తొడ ముందు కండరాలు బలంగా లాగితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. లోతుగా మడవడం ఒక్కటే తప్పు కాదు, గట్టిగా తన్నడం ఒక్కటే తప్పు కాదు. రెండూ ఒకే క్షణంలో కలవడమే చిప్ప వెనక నొప్పికి దారి. క్యాచ్ అంటే సరిగ్గా ఆ క్షణం.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్షలు రెండున్నాయి. మొదటిది, చెప్పుల్లేకుండా గొంతుక్కూర్చోండి. మడమలు నేల మీదే ఉండి, నొప్పి లేకుండా అర నిమిషం ఉండగలిగితే క్యాచ్ మడత మీ కీలుకు అందుబాటులోనే ఉంది. మడమలు లేచిపోతే రెండో పరీక్ష చేయండి. గోడకు ఎదురుగా ఒక పాదం పెట్టి, మడమ నేలకు ఆన్చి ఉంచి, మోకాలిని ముందుకు వంచి గోడకు తాకించాలి. బొటనవేలికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉన్నా మోకాలు తాకితే చీలమండ బాగున్నట్టే. ఏడెనిమిది దగ్గరే మడమ లేస్తుంటే పిక్క బిగుసుకుందని అర్థం. చాలాసేపు పాదాన్ని ఒకే కోణంలో పట్టి తొక్కేవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటివాళ్లు పిక్క సాగదీసేదాకా ముప్పాతిక స్ట్రోకే చేయాలి.

#4 · సింహాచలం_ఘాట్

మేడమ్, మడత సంగతి సరే. డ్యాంపర్ తక్కువలో పెడితే ఖాళీగా లాగినట్టుంటోంది కదా. ఘాట్ ఎక్కే బలం రావాలంటే పదిలో పెట్టి లాగాలని జిమ్‌లో ట్రైనర్లు చెబుతారు. పదిలో పెడితే మోకాలికి నిజంగా అంత తేడా వస్తుందా?

#5 · గేర్_రేషియో

వస్తుంది అన్నా. డ్యాంపర్ కష్టాన్ని నిర్ణయించదు, ఫ్లైవీల్‌లోకి, అంటే మనం లాగితే తిరిగే చక్రంలోకి, గాలి ఎంత పోవాలో నిర్ణయిస్తుంది. పదిలో పెడితే గాలి ఎక్కువ పోయి, స్ట్రోకుకీ స్ట్రోకుకీ మధ్య చక్రం బాగా నెమ్మదిస్తుంది. మళ్లీ క్యాచ్‌లో, మోకాలు పూర్తిగా మడిచి ఉన్నప్పుడు, ఆ నెమ్మదించిన చక్రాన్ని ఎత్తుకోవాలి. మూడు నాలుగులో చక్రం ఇంకా జోరుగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని అందుకోవడానికి కాలు చురుగ్గా కదలాలి, బరువు మాత్రం ఒక్కసారిగా మీద పడదు. కైలాసగిరి ఎక్కుడు మీద పెద్ద గేరులో 50 క్యాడెన్స్‌తో ఈడ్చడానికీ, చిన్న గేరులో 80తో తొక్కడానికీ ఉన్న తేడాయే ఇది.

ఇక స్ట్రోక్ రేటు, అంటే నిమిషానికి ఎన్ని స్ట్రోకులన్నది. మోకాలు నొప్పిగా ఉంటే రేటు తగ్గించండి, 18లో చేయండి అని అందరూ అంటారు. వాట్లు తగ్గించకుండా రేటు ఒక్కటే తగ్గిస్తే జరిగేది రివర్సు. లెక్క చూడండి.

200 వాట్లంటే సెకనుకు 200 జౌళ్లు. నిమిషానికి 20 స్ట్రోకులంటే మూడు సెకన్లకొకటి, అంటే ఒక్కో స్ట్రోకుకు 600 జౌళ్లు. హ్యాండిల్ కదిలే దూరం 1.3 మీటర్లు అనుకుంటే సగటు బలం 460 న్యూటన్లు, సుమారు 47 కిలోల బరువు. అవే 200 వాట్లు 28 రేటులో చేస్తే ఒక్కో స్ట్రోకుకు 430 జౌళ్లు, సగటు 34 కిలోలు. ఇది రెండు కాళ్లకూ కలిపి, పైగా సగటు మాత్రమే. స్ట్రోకు మధ్యలో గరిష్ఠం దీనికి బాగా పైన ఉంటుంది.

సైకిల్ వైపు చూస్తే, 172.5 మిల్లీమీటర్ల క్రాంక్‌తో 200 వాట్లు 90 క్యాడెన్స్‌లో తొక్కితే పెడల్ దగ్గర సగటు 12–13 కిలోలు. అదే 55 క్యాడెన్స్‌లో అయితే 20 దాటుతుంది. రోడ్డు మీద ‘ఈడ్చకు, గేరు దించు’ అని పక్కవాడికి చెప్పేవాళ్లే మెషీన్ మీద డ్యాంపర్ పదిలో, రేటు 18లో పెట్టి 200 వాట్లు కొడుతున్నారు. సైకిల్ మీద చేయొద్దన్నది ఇక్కడ చేస్తున్నట్టే.

నొప్పి ఉన్న మోకాలికి 100 వాట్లు, 24 రేటు. సగటు 20 కిలోలు పడుతుంది. అవే 100 వాట్లు 18లో చేస్తే 26. మానిటర్ మీద 500 మీటర్లకు 2:30 పేస్ కనిపిస్తే సుమారు 104 వాట్లు, 2:15 అయితే 142, 2:00 అయితే 203. పేస్ చూడటానికి పదిహేను సెకన్లే తగ్గింది, వాట్లు మాత్రం 104 నుంచి 142కి, 142 నుంచి 203కి ఎగబాకాయి. వాట్లు వేగం ఘనంతో మారతాయి కాబట్టి ‘కొంచెం ఊపు పెంచాను’ అన్నది మోకాలికి కొంచెం కాదు.

#6 · ఎర్గ్_కోచ్

ఈ లెక్కతో ఏకీభవిస్తాను, ఒక సవరణతో. పద్ధతి నేర్చుకునే మొదటి రెండు వారాలు 18–20 రేటే మంచిది. 26లో కొత్తవాళ్లకు వెనక్కి వెళ్లే క్రమం గురించి ఆలోచించే వ్యవధి ఉండదు. అయితే ఆ రెండు వారాలు 80–100 వాట్లు దాటొద్దు. క్రమం కుదిరాక రేటు 22–24కి తెచ్చుకోండి.

సైక్లిస్టుల్లో మళ్లీ మళ్లీ కనిపించే లోపం ఒకటుంది. క్యాచ్ నుంచి పెడల్ కొట్టినట్టు కాలిని ఒక్కసారిగా తన్నేస్తారు. సీటు వెనక్కి జారిపోతుంది, హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాలి బలం హ్యాండిల్‌ను ఫ్లైవీల్‌కు కలిపే గొలుసుకు అందదు, నడుము వంగిపోతుంది, ఆ తర్వాత చేతులతో గుంజుతారు. సీటు ఒక అంగుళం కదిలితే హ్యాండిల్ కూడా అంగుళం కదలాలి. మానిటర్‌లో ఫోర్స్ కర్వ్ (స్ట్రోకు పొడవునా బలాన్ని గీతగా చూపే) తెర పెట్టుకుంటే ఇది ఇట్టే తెలుస్తుంది. గీత ఒకే నున్నటి గుట్టలా లేచి దిగాలి. మొదట్లోనే సూదిలా లేచి పడిపోయిందంటే తన్నేశారన్నమాట. రెండు గుట్టలు కనిపిస్తే కాళ్లకూ వెన్నుకూ మధ్య ఖాళీ వచ్చిందన్నమాట.

రెండో లోపం తిరిగి ముందుకొచ్చేటప్పుడు. హ్యాండిల్ మోకాళ్లు దాటకముందే మోకాళ్లు లేపేస్తారు. దాంతో హ్యాండిల్‌ను మోకాళ్ల మీదుగా ఎత్తి దించాల్సి వస్తుంది. ముందు చేతులు చాచాలి, తర్వాత తుంటి దగ్గర నుంచి ముందుకు వంగాలి, హ్యాండిల్ మోకాళ్లు దాటాకే మోకాళ్లు మడవాలి. గొలుసు పోయే దారిని గమనించండి. ఎప్పుడూ నేలకు సమాంతరంగానే పోవాలి. తోయడానికి ఒక వంతు సమయం, ముందుకు రావడానికి రెండు వంతులు. తొందరగా ముందుకు దూసుకొస్తే ఆ ఊపంతా ఆపాల్సింది మడిచిన మోకాలే.

#7 · లాసన్స్‌బే

డ్రైవ్ చివర మోకాలిని ఎంతవరకు చాపాలి? కాలు వెనక్కి వంగేంత కీళ్లు వదులుగా ఉన్నవాళ్లూ ఉంటారు కదా.

ఇంకో సంగతి. సైకిల్ వల్ల తొడ ముందు భాగం మాత్రమే పెరుగుతుందనీ, రోయింగ్ చేస్తే వెనక కండరాలూ బలపడి మోకాలికి సమతూకం వస్తుందనీ చాలాచోట్ల రాస్తారు. ఎంతవరకు నిజం?

#8 · ఫిజియో_ఎంవీపీ

మొదటిదానికి జవాబు: చాపండి, బిగించకండి. చివర్లో టక్కున తాళం వేసినట్టు ఆగితే దెబ్బ కీలు వెనక భాగానికి పోతుంది. వదులు కీళ్లవాళ్లు నాలుగైదు డిగ్రీల వంపు మిగుల్చుకుని ఆపాలి. పాదాల స్ట్రాప్ వదులు చేసి ఐదు నిమిషాలు చేస్తే ఇది దానంతటదే అలవాటవుతుంది. ఎక్కువ విసురుగా ముగిస్తే పాదాలు లేచిపోతాయి కాబట్టి ఒళ్లే నేర్చుకుంటుంది.

రెండోది సగమే నిజం. డ్రైవ్‌లో తుంటి తెరుచుకునేటప్పుడు పిరుదుల కండరాలు సైకిల్ మీద కంటే విస్తారమైన కదలికలో పనిచేస్తాయి. కాలు చివరిదాకా చాచుకునే అలవాటు తిరిగి వస్తుంది. ఇవి నిజమైన లాభాలు. తొడ వెనక కండరాలు మాత్రం రోయింగ్‌లో తోడుగా పనిచేస్తాయే తప్ప, మోకాలిని బరువు మీద మడిచే పని వాటికి పడదు. తోసేది మళ్లీ తొడ ముందు కండరాలే.

అసలు లోటు వేరే చోట ఉంది. సైకిలూ రోయింగూ రెండూ మోకాలిని ముందుకూ వెనక్కీ మాత్రమే కదిలిస్తాయి. తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్‌కు రెండింట్లోనూ పని తక్కువ. అది బలహీనమైతే మోకాలు లోపలికి వాలుతుంది. అందుకని రోయింగ్ మొదలుపెట్టాం కాబట్టి జిమ్ అక్కర్లేదనుకోవద్దు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు చాలు. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం) 8 చొప్పున మూడు సెట్లు, సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్లు నిలపడం) ఒక్కో వైపు అర నిమిషం చొప్పున మూడుసార్లు, ఆపైన మెట్టు దిగే వ్యాయామం. దానికి 15–20 సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో మడమను మూడు సెకన్లలో నెమ్మదిగా నేలకు తాకించి పైకి రావాలి. 10 చొప్పున మూడు సెట్లు. అద్దం ముందు చేయండి. చిప్ప రెండో వేలి వైపు చూస్తుండాలి, బొటనవేలి లోపలికి జారకూడదు.

ఒక హెచ్చరిక: తొడ వెనక భాగం బిగుసుకున్న సైక్లిస్టుకు రోయింగ్‌లో మోకాలి కంటే ముందు నడుము మొరాయిస్తుంది. తుంటి వంగక నడుము గూనిలా వంగుతుంది. రోయింగ్ క్రీడాకారుల్లోనూ ఎక్కువగా కనిపించే గాయం నడుముదే. మోకాలి మీదే చూపు పెట్టి దాన్ని మరిచిపోవద్దు.

#9 · సింహాచలం_ఘాట్

ఇప్పుడు స్పష్టమైంది. మరి ఘాట్ రైడ్ ఉన్న వారంలో రోయింగ్ ఎక్కడ ఇరికించాలి? గంట రైడ్‌కి బదులు గంట రోయింగ్ చేయొచ్చా?

#10 · ఎర్గ్_కోచ్

గంటకు గంట కాదు. గంట తేలికపాటి రైడ్‌కు బదులుగా 25–30 నిమిషాల రోయింగ్ చాలు. పని చేసే కండరాలు ఎక్కువ కాబట్టి అవే వాట్లకు గుండె వేగం పైన ఉంటుంది. మీ సైకిల్ ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ వాట్లు) అంకెను రోయింగ్ మానిటర్ మీద వెతక్కండి. కొత్తవాళ్లకు అది అందదు, అందుకోవాలని చూస్తే డ్యాంపర్ పెంచడం, గట్టిగా తన్నడం మొదలవుతుంది. మాట్లాడుతూ చేయగలిగేంత శ్రమ, అదే కొలత.

మొదటి వారం 10 నిమిషాలు, రెండుసార్లు. ఆపైన వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ 30 దగ్గర ఆగండి. ఆ ఐదు వారాలూ సైకిల్ మీద కొత్తగా ఎత్తులు, దూరాలు కలపొద్దు. అరకు ఘాట్ రైడ్, సింహాచలం కొండను మళ్లీ మళ్లీ ఎక్కే రిపీట్ల తర్వాత 48 గంటలు రోయింగ్ వద్దు. అలసిన తొడ కండరం చిప్పను సరిగా పట్టి ఉంచలేదు.

మన ఊరికే చెందిన విషయం ఒకటి. ఎండాకాలంలో నైరుతి గాలి తీరం వెంబడి కొడుతుంది. భీమిలికి పోయేటప్పుడు గాలి వెన్ను తట్టి తీసుకుపోతుంది, తిరుగు ప్రయాణంలో పెద్ద గేరులో ఎదురీదాల్సి వస్తుంది. రోడ్డు చదునే కాబట్టి ‘తేలిక రైడ్’ అని రాసుకుంటారు. మోకాలి లెక్కలో అది ఘాట్ రైడే. ఆ సాయంత్రం మెషీన్ ఎక్కొద్దు.

#11 · రుషికొండ_రైడర్

రోయింగ్ మొదలుపెట్టాక నొప్పి వస్తే అది మెషీన్ వల్లో, సైకిల్ వల్లో తేల్చుకోవడం ఎలా?

#12 · ఫిజియో_ఎంవీపీ

నొప్పి ఉన్న చోటు చాలావరకు చెబుతుంది. చిప్ప చుట్టూ, వెనకా మొద్దుగా ఉండి మెట్లు దిగేటప్పుడు పెరిగితే రెండిట్లో ఏదైనా కావచ్చు. సైకిల్ సీటు పల్లంగా ఉందేమో చూడండి, మెషీన్ మీద ఎక్కువ మడుస్తున్నారేమో చూడండి. చిప్పకు సరిగ్గా కింద వేలితో నొక్కితే ఒకే బిందువు దగ్గర నొప్పి ఉంటే పటెల్లార్ టెండన్, అంటే చిప్పను కాలి కింది ఎముకకు కలిపే పట్టీ. దానికి గిట్టనిది బరువైన, విసురైన తోపు, అంటే డ్యాంపరూ తన్నడమూ. మోకాలి బయటి పక్క మంట ఎక్కువగా సైకిల్ నుంచే వస్తుంది, క్లీట్ (బూటును పెడల్‌కు బిగించే ముక్క) కోణం, సీటు ఎత్తు చూసుకోవాలి. మోకాలి వెనక లాగుతుంటే సీటు మరీ ఎత్తుగా ఉండొచ్చు, లేదా రోయింగ్‌లో మోకాలిని తాళం వేస్తుండొచ్చు.

సీటు ఎత్తు ఇంట్లో చూసుకునే పద్ధతి తెలిసిందే. పెడల్ పూర్తిగా కిందున్నప్పుడు మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి, తుంటి పక్కకు వాలకూడదు. క్లీట్ మీద పాదం పెట్టగానే సరైన వంపు దానంతటదే వస్తుంది.

నొప్పిని పదికి ఎంతో వేసుకోండి. చేసేటప్పుడు మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి పోతే కొనసాగించవచ్చు. మర్నాడు కూడా ఉంటే మడతా వాట్లూ రెండూ తగ్గించండి. వాపు వచ్చినా, మోకాలు మధ్యలో పట్టేసి కదలకపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా వదిలేసినట్టైనా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ఇలా సర్దుబాట్లు చేస్తూ కూర్చోవద్దు, ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. మెనిస్కస్ (మోకాలి కీలులోని మెత్తటి దిండు) కుట్టించుకున్నవాళ్లు, ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్ అనుమతి లేకుండా క్యాచ్ దాకా మడవకూడదు. మెనిస్కస్ కుట్టు తర్వాత బరువు మీద లోతైన మడతను మొదటి వారాల్లో సర్జన్లు ఆపించేది కుట్టు విడిపోకుండా ఉండటానికే.

#13 · పానా_పట్టకారు

మెషీన్ వైపు నుంచి నాలుగు మాటలు. డ్యాంపర్ అంకెను నమ్మొద్దు. కాన్సెప్ట్ 2 మెషీన్‌కు పీఎం5 మానిటర్ ఉంటే మెనూలో మోర్ ఆప్షన్స్, అందులో డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్ నొక్కి నాలుగు స్ట్రోకులు లాగండి, చక్రానికి గాలి ఎంత అడ్డుపడుతోందో అంకెలో చూపిస్తుంది. 110–120 మధ్య ఉండేలా డ్యాంపర్ జరపండి, నొప్పి ఉంటే 100. శుభ్రంగా ఉన్న మెషీన్‌లో ఇది మూడు నాలుగు దగ్గర వస్తుంది. ఫ్లైవీల్ జాలీలో దుమ్ము, నూగు పేరుకుంటే గాలి సరిగా పోక అదే అంకెకు డ్రాగ్ తగ్గుతుంది. ఒక జిమ్‌లో ఐదు, ఇంకో జిమ్‌లో నాలుగు ఒకేలా అనిపించేది అందుకే.

పాదం స్ట్రాప్ పాదం వెడల్పుగా ఉన్నచోట, వేళ్లు వంగే గీత మీదుగా పోవాలి. ఫుట్‌ప్లేట్‌ను మరీ పైకి పెడితే తుంటి వంగదు, నడుము వంగుతుంది. సైకిల్ బూట్లతో ఎక్కొద్దు, క్లీట్ ఆనదు. మెత్తటి మందపు సోల్ ఉన్న రన్నింగ్ షూ కూడా వద్దు, తోసేటప్పుడు పాదం కదులుతుంది. పలచటి చదును సోల్ చాలు. పాదాలు కొంచెం బయటికి తిరిగి ఉంటే బలవంతంగా నేరుగా తిప్పొద్దు, మోకాలు పాదం తిరిగిన వైపే పోతే సరి.

కొనేవాళ్లకు: మెషీన్‌కు మామూలు కాళ్లుంటే సీటు 14 అంగుళాల ఎత్తులో ఉంటుంది, టాల్ లెగ్స్‌తో 20 అంగుళాలు. రోయింగ్ అయ్యాక వణుకుతున్న కాళ్లతో 14 అంగుళాల నుంచి లేవడమే కొందరి మోకాలికి అన్నిటికంటే కష్టం. చిప్ప నొప్పి ఉన్నవాళ్లు 20 తీసుకోండి.

#14 · లాసన్స్‌బే

సముద్రం పక్క ఇళ్లలో గొలుసు తుప్పు పడుతుంది కదా, సైకిల్ చెయిన్ ల్యూబ్ వేయొచ్చా?

#15 · పానా_పట్టకారు

వద్దు మేడమ్. డబ్ల్యూడీ-40 అసలే వద్దు. త్రీ ఇన్ వన్ నూనె గానీ 20డబ్ల్యూ మోటార్ ఆయిల్ గానీ ఒక టీస్పూను పేపర్ టవల్ మీద పోసి, గొలుసు పూర్తిగా లాగి పొడవునా తుడవండి. మిగిలిన నూనెను పొడి కాగితంతో తీసేయండి. కంపెనీ చెప్పేది 50 గంటల వాడకానికి ఒకసారి. బీచ్ రోడ్డు గాలికి నెలకోసారి చేయడం మంచిది, తక్కువ వాడినా సరే. గొలుసు పట్టి పట్టి కదిలితే క్యాచ్‌లో హ్యాండిల్ ఒక్క క్షణం ఆగి ఒక్కసారిగా వదులుతుంది, ఆ కుదుపు మడిచిన మోకాలికే తగులుతుంది. సీటు చక్రాలు నడిచే పట్టాను మాత్రం రోజూ తడిగుడ్డతో తుడవండి. ఉప్పు తేమకు మట్టి అంటి నల్లటి చారలు కడుతుంది, వాటి మీద సీటు ఎగిరెగిరి పడుతుంది. చక్రాలకు నూనె వేయకండి.